నాడి బాబాయ్ వద్దన్న బండి

పశువుల డాక్టరమ్మ కొత్త బండి కొనే ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఆమె భర్త కుర్చీలో నిటారుగా సర్దుకునేవాడు. ఆయన లెక్కల మాస్టారు. ఆయన నిటారుగా కూర్చున్నాడంటే ఉపన్యాసం తప్పదని ఆ ఇంటి గోడలకు కూడా తెలుసు.

"మొదట మనం ప్రశ్న సరిగ్గా వేసుకోవాలి," అనేవాడు. "హైబ్రిడ్ ఎస్‌యూవీ మంచిదా, చెడ్డదా అన్నది కాదు ప్రశ్న. పల్లె దారుల్లో తిరిగే మనిషికి అది అక్కరకొస్తుందా, రాదా అన్నది."

"ఆ ప్రశ్న నేను పోయిన నెలే వేశానండీ. మీరు జవాబు చెప్పండి."

"జవాబుకి తొందరేముంది? ముందు ప్రశ్న తేలాలి."

అలా ప్రశ్న తేలుతూ ఉండగానే ఒక వానాకాలం వచ్చి వెళ్ళిపోయింది.

వాకిట్లో నిలబడ్డ జీపుకి ఈ చర్చలన్నీ తెలిసే ఉంటాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో డాక్టరమ్మ ముచ్చటపడి కొనుక్కున్న బండి అది. డ్రైవరు వైపు తలుపు లోపలి నుంచి తెరుచుకోవడం ఎప్పుడో మానేసింది. అద్దం దించి, చెయ్యి బయటికి చాపి, బయటి పిడి తిప్పుకుని దిగాలి. వెనక సీటు పీకేసిన చోట మందుల పెట్టె, తాళ్ళు, బకెట్టు, రబ్బరు బూట్లు కాపురం చేసేవి. హారన్ పనిచేయదు. ఆ లోటు ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే బండి చప్పుడే రెండు పొలాల అవతలికి వినిపించేది. అది వినగానే రైతులు పశువుని కట్టేసి, వేన్నీళ్ళు పెట్టి, గేటు బార్లా తీసి ఉంచేవారు. ఏ మంత్రిగారి రాకకీ అంత చక్కని ఏర్పాట్లు జరిగి ఉండవు.

అయితే ఈమధ్య జీపు దారిలో ఆగిపోవడం అలవాటు చేసుకుంది. ఈనలేక అవస్థపడుతున్న ఆవుకి ఆ సంగతి చెప్పి కాసేపు ఓపిక పట్టమనడం కుదరదు కదా. డాక్టరమ్మ బెంగ అదీ. సమయానికి చేర్చే బండి కావాలి. తక్కినవన్నీ ఆమెకు అలంకారాలే.

సలహాదారులకు కొదవ లేదు. ఆమె తమ్ముడు పట్నంలో కార్ల షోరూములో అమ్మకాలు చూస్తాడు.

"కళ్ళు మూసుకుని తీసుకో అక్కా," అన్నాడు.

"కళ్ళు మూసుకుంటే నడపడం కష్టం రా."

"వెటకారం తర్వాత. విషయం విను. ఇందులో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, బ్యాటరీతో తిరిగే మోటారూ ఉంటుంది. మెల్లగా పోయేటప్పుడు మోటారు లాగుతుంది, గట్టిగా తొక్కితే ఇంజను అందుకుంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ దానంతటదే నిండుతుంది. ప్లగ్గు పెట్టే పనే లేదు."

నడిపి చూడమని ఆమెను ఎక్కించుకుని పట్నమంతా తిప్పాడు కూడా. రోడ్డు అద్దంలా ఉంది.

"ఒక్క గుంటన్నా చూపించరా," అంది డాక్టరమ్మ.

"ఇంత మంచి రోడ్డుండగా గుంటలెందుకక్కా?"

అమ్ముకునేవాడు గుంట చూపించడు. పోనీ, మాస్టారి మాట విందామా అంటే, ప్రశ్న ఇంకా తేలకపోయినా ఆయన మొగ్గు కొత్తబండి వైపేనని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. జీపు ముందు సీట్లో ఆయన మోకాళ్ళు డాష్‌బోర్డుకి ఒరుసుకుపోతాయి. ఆయన తర్కమంతా ఆ మోకాళ్ళలోంచే పుడుతోంది. సొంతవాళ్ళైన ఇద్దరు సలహాదారులూ స్వార్థపరులని ఆ విధంగా రుజువైపోయింది. స్వార్థమన్నది లేని మనిషి లోకంలో ఒక్కడే మిగిలాడు. ఆయన నాడి బాబాయ్.

తారు రోడ్డు అయిపోయి కంకర మొదలయ్యే మలుపులో ఆయన మెకానిక్ షెడ్డు. మొదట్లో ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకి, ఇంకో కొస చెవికి ఆనించి జబ్బు కనిపెట్టేవాడు. అది చూసి ముచ్చటేసి డాక్టరమ్మ తన పాత స్టెతస్కోపు ఇచ్చేసింది. ఆ రోజు నుంచి అది ఆయన మెడలోనే ఉంది. పెళ్ళిళ్ళకి కూడా దాంతోనే వెళ్ళేవాడు. ఇద్దరూ జీపులో వెళుతుంటే కొత్తవాళ్ళు ఆయన్ని డాక్టరనీ, ఆమెను డ్రైవరనీ అనుకుని నమస్కారం ఆయనకే పెట్టేవారు. ఆయన హుందాగా తలపంకించేవాడు.

షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. బాబాయ్ చెవులకి గొట్టాలు తగిలించుకుని ఇంజను నాడి చూస్తున్నంతసేపూ ఎవరూ కిక్కురుమనకూడదు. ఎంతటి పెద్దమనిషైనా సరే, ఆయన గొట్టాలు తీసేదాకా టీ గ్లాసు కూడా కింద పెట్టడు.

డాక్టరమ్మ హైబ్రిడ్ సంగతి అడిగినప్పుడు బాబాయ్ ముందు ఆమె జీపు నాడి చూశాడు. గొట్టాలు తీసి, చేతులు తుడుచుకుని, తీర్పు చెప్పాడు.

"వద్దమ్మా."

"ఎందుకు బాబాయ్?"

"దాని పొట్ట కిందికుంటుంది. మన గుంటల్లో కొట్టుకుంటుంది. వాగు దాటేటప్పుడు బ్యాటరీ తడిసిందా, అక్కడికక్కడే సమాధి కట్టాలి. నడిదారిలో ఆగిపోతే ఎవరొస్తారు? పట్నం నుంచి కంప్యూటరు పట్టుకుని దొరబాబులు రావాలి. నీ జీపు ఆగితే నేనొస్తాను."

ఆ ఆఖరి మాటతో కేసు కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి, "బాబాయ్ వద్దన్నాడండీ," అంది.

మాస్టారు మోకాళ్ళు రాసుకున్నాడు. "ఆయన చెప్పాడని ఆగిపోవడమేనా?"

"అందులో ఆయనకి ఒరిగేదేముంది? మీలాగా, మా తమ్ముడిలాగా కాదు."

"ఒరిగేది లేనివాడు ఉండడు. మన కంటికి ఆనలేదంతే," అన్నాడాయన. బాధపడుతున్న మోకాళ్ళు పలికిన మాటగా లెక్కవేసి ఆమె దాన్ని పక్కన పెట్టేసింది.

చలి ముదిరిన ఒక పొద్దున కొండ వెనక పొలం నుంచి ఫోనొచ్చింది. తొలిచూలు ఆవు. దూడ కాళ్ళు అడ్డం తిరిగాయి. డాక్టరమ్మ తడిజుట్టుతోనే బయల్దేరింది. కొండ ఎక్కుడు సగంలో ఉండగా జీపు దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆగిపోయింది. బాబాయ్‌కి ఫోను చేసింది. మాట తప్పే మనిషి కాదు. స్కూటరు మీద వచ్చాడు. స్టెతస్కోపు పెట్టాడు, విన్నాడు, ఏదో గొట్టం విప్పి నోటితో ఊదాడు, మళ్ళీ బిగించాడు. జీపు కదిలింది.

ఆమె వెళ్ళేసరికి ఆవు బతికే ఉంది. దూడ లేదు. ఇంటావిడ డాక్టరమ్మ చేతుల మీద వేన్నీళ్ళు పోస్తూ, "జీపు చప్పుడు వినపడుతుందేమోనని చెవులు అటే పెట్టుకుని కూర్చున్నామమ్మా," అంది.

తిరిగొచ్చేటప్పుడు డాక్టరమ్మ తనను తానే తిట్టుకుంది. ఇంకాస్త ముందు లేవాల్సింది, ఇంకాస్త జోరుగా నడపాల్సింది, అనుకుంది. షెడ్డు దగ్గర ఆగి, "చలిలో పరుగెత్తుకొచ్చావు బాబాయ్, నీ రుణం తీర్చుకోలేను," అంటూ దణ్ణం పెట్టింది. ఆయన తల దించుకుని స్టెతస్కోపు తుడుచుకుంటూ ఉండిపోయాడు. వినయమనుకుంది.

కొన్నాళ్ళకి ఒక కొత్త డెయిరీలో టీకాలు వేయాలని కబురొచ్చింది. యజమాని పట్నం వదిలి వచ్చిన మనిషి. పాకల ముందు తెల్లటి ఎస్‌యూవీ ఒకటి అద్దాల దాకా బురద పూసుకుని ఉంది. ఆమె తమ్ముడు అమ్మబోయిన రకమే.

"హైబ్రిడ్డా అండీ?" అంది ఆవు మెడ తడుముతూ.

"అవును డాక్టరు గారూ. ఎంపిక మాత్రం మీ బాబాయ్‌దే."

"ఏ బాబాయ్?"

"ఇంకెవరండీ, మెడలో స్టెతస్కోపు ఉంటుందే. నేను కొత్తవాణ్ణి, ఎవర్ని నమ్మాలో తెలియలేదు. మీ జీపు ఆయన షెడ్డు ముందు ఆగి ఉండటం చూశాను. డాక్టరు గారే నమ్మారంటే ఇంకేం కావాలనుకున్నాను. షోరూము నుంచి బండి తెప్పించి ఆయన చేతికే తాళాలిచ్చాను. వాగులో దింపాడు, గుంటల్లో తిప్పాడు, కొండ వెనక్కి వెళ్ళే ఎక్కుడు మీద సగంలో కావాలని ఆపి మళ్ళీ కదిలించి చూశాడు. చప్పుడన్నా లేకుండా ఎక్కేసింది. 'కళ్ళు మూసుకుని కొనుక్కోండి' అన్నాడు."

డాక్టరమ్మ సూది దించింది. మందు పూర్తిగా లోపలికి వెళ్ళేదాకా ఆగి, మెల్లగా తీసింది.

"ఎప్పుడండీ ఇది?"

"వానలు తగ్గుముఖం పట్టినప్పుడు." అంటే ఆమెకు తీర్పు చెప్పకముందే.

ఆయన ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు. "పొడుగాటి సాఫీ రోడ్ల మీద దీని ఆదా అంతంతమాత్రమేనట. ఆగుతూ, తప్పుకుంటూ, ఎక్కుతూ దిగుతూ పోయే మన దారుల్లోనే లాభమట. ఇంకోటి కూడా చెప్పాడు. వెనక సీటు కింద గాలి పీల్చుకునే జాలీ ఉంది, బ్యాటరీకి చలవ అక్కడినుంచే, అందులో గడ్డీ బొచ్చూ చేరకుండా చూసుకోమన్నాడు. షోరూము వాళ్ళకే తెలియదండీ ఆ సంగతి."

మాస్టారు వానాకాలమంతా వేసిన ప్రశ్నకి జవాబు అదే. తు.చ. తప్పకుండా, ఆధారాలతో సహా. అది తయారై, పక్క దారిలోనే, వేరే వాళ్ళ ఇంట్లో కాపురముంది.

మిగిలిన ఆవులకి కూడా టీకాలు వేసి, చేతులు కడుక్కుని, టీ వద్దని చెప్పి, ఆమె తిన్నగా షెడ్డుకి వెళ్ళింది. మలుపు తిరక్కముందే జీపు చప్పుడు విని బాబాయ్ బయటికొచ్చి నిలబడ్డాడు.

"రామ్మా. రెండో సిలిండరు కాస్త గొణుగుతున్నట్టుంది."

ఆమె ఇంజను ఆపి, అద్దం దించి, చెయ్యి చాపి, తలుపు తీసుకుని దిగింది. "డెయిరీ ఆయన బండి నువ్వే నడిపి చూశావట కదా బాబాయ్."

ఆయన బానెట్ ఎత్తాడు. గొట్టాలు చెవులకు తగిలించుకుని, వంగి, శ్రద్ధగా వినసాగాడు. కట్టుబాటు ప్రకారం ఆమె నోరు మెదపకుండా నిలబడింది. అలవాటు అంత గట్టిది. కాసేపటికి ఆమెకే తట్టింది.

"ఇంజను ఆపేశాను బాబాయ్."

ఆయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తర్వాత గొట్టాలు తీశాడు.

"ఆయన దారి వేరమ్మా."

"కొండ వెనక్కి దారి ఒకటే ఉంది. నా జీపు ఆగిన చోటే నువ్వు ఆ బండిని ఆపి చూశావు."

బాబాయ్ గుడ్డముక్క తీసుకుని శుభ్రంగా ఉన్న చేతుల్ని తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఆయనకి నిజం చెప్పావు. నాకెందుకు చెప్పలేదు?"

"ఆయన పరాయివాడమ్మా. పరాయివాడికి తప్పు చెబితే ఊరుకుంటాడా? మర్నాడొచ్చి గల్లా పట్టుకుంటాడు. నువ్వంటే మన మనిషివి."

"మన మనిషిని కాబట్టి నాకు అబద్ధం చెప్పచ్చన్నమాట."

"అలా అనకు తల్లీ. నీ జీపు ఇక్కడ నిలబడితే అదే నా షెడ్డుకి బోర్డు. దాన్ని చూసే కదా నలుగురొచ్చేది. ఇంకో ఏడాది లాగుతుందిలే అనుకున్నా. కొత్తది కొంటే ఇటు చూస్తావా నువ్వు?"

"దూడ పోయింది బాబాయ్."

"ఆ రోజు నేను రాలేదా?"

"వచ్చావు," అంది డాక్టరమ్మ. "రావాల్సిన అవసరమే లేకుండా చేసే మాట ఒకటి నీ నోట్లో పెట్టుకుని మరీ వచ్చావు. నేను నీకు దణ్ణం కూడా పెట్టాను."

స్టెతస్కోపు తిరిగి ఇచ్చెయ్యమని అడగాలని నోటిదాకా వచ్చింది. ఇచ్చిన వస్తువు అడగడం చిన్నతనమనిపించి ఊరుకుంది. అడగనందుకు ఆ తర్వాత చాలాసార్లు నొచ్చుకుంది.

హైబ్రిడ్ వచ్చింది. తమ్ముడు తాళాలిస్తూ ఫొటో తీశాడు. మాస్టారు ముందు సీట్లో కాళ్ళు బారచాపుకుని, ప్రశ్న ఎట్టకేలకు తేలిందని ప్రకటించాడు. బండి గుంటల్లో దిగింది, వాగు దాటింది, కొండ ఎక్కింది. దాని మీద ఒక్క ఫిర్యాదు లేదు. చిక్కల్లా, అది వస్తున్నట్టు ఎవరికీ తెలియదు. మొదటిసారి కొండ వెనక పొలానికి వెళితే గేటు వేసి ఉంది, ఆవు మేతకి పోయింది, ఇంటావిడ పెరట్లో బట్టలు ఆరేసుకుంటోంది.

"ఎప్పుడొచ్చావమ్మా?" అంది ఉలిక్కిపడి. "నువ్వని తెలియనే లేదు."

అప్పటి నుంచి డాక్టరమ్మ పొలం గట్టు దగ్గరే హారన్ కొట్టడం నేర్చుకుంది. ప్రతిసారీ కొంచెం సిగ్గుపడుతూనే కొట్టేది.

ఒక మధ్యాహ్నం నడిదారిలో డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. తమ్ముడికి ఫోను చేస్తే, "నువ్వేం ముట్టుకోకక్కా, షోరూముకి తెచ్చెయ్," అన్నాడు. ఆమె బండిని పక్కకు ఆపి, వెనక తలుపు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, సీటు కింద వేళ్ళతో తడిమింది. జాలీ నిండా గడ్డిపరకలు, దూడల బొచ్చు. మందుల పెట్టెలోంచి పట్టకారు తీసి ఒక్కొక్కటే లాగి పడేసింది. బండి చల్లబడ్డాక మళ్ళీ స్టార్టు చేస్తే దీపం రాలేదు. బాబాయ్ సలహా అక్షరాలా నిజం. పరాయివాడికి చెప్పింది కదా మరి.

తిరుగుదారిలో షెడ్డు మలుపొచ్చింది. బండి మెల్లగా, బ్యాటరీ మీదే పోతోంది. బాబాయ్ ఎవరిదో ట్రాక్టరు మీద వంగి ఉన్నాడు, చెవుల్లో ఆమె ఇచ్చిన గొట్టాలతో. జీపు రోజుల్లో మలుపు అవతల ఉండగానే తలెత్తేవాడు. ఇప్పుడు ఎత్తలేదు. ఆమె చెయ్యి హారన్ మీదికి వెళ్ళింది. క్షణం ఆగి, వెనక్కి తీసుకుంది. ఆయన నాడి చూస్తున్నాడు. నాడి చూస్తున్నప్పుడు ఎవరూ చప్పుడు చెయ్యకూడదు.