అట్టముక్క మీద ఆరు తీగెలు

మా పెద్దబాపు పోయారన్న కబురు నాకు కరీంనగర్‌లో, హాస్టల్ మెస్సులో అన్నం ముందు కూర్చున్నప్పుడు అందింది. మందమర్రి నుంచి ఫోన్ అని వార్డెన్ పిలిచారు. అవతల అవ్వ, మా అమ్మ.

"పెద్దబాపు పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగిండు, దమ్ము వస్తుందని ఒరిగిండు. గంతే."

నేను "సరే అవ్వా" అన్నాను. ఆ 'సరే' గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. బొగ్గుబాయిలో పైకప్పు పెళ్ల విరిగి ఎడమ భుజం మీద పడ్డాక ఆయనకు ఆ చెయ్యి పూర్తిగా చాచడానికి వచ్చేది కాదు. అప్పటి నుంచి బాయి పైన, ల్యాంపు రూములో వేశారు. దిగేవాళ్లకు దీపాలు ఇవ్వడం, ఎక్కివచ్చినవాళ్ల దగ్గర తీసుకోవడం ఆయన పని. ఆదివారం చర్చిలో బేస్ గిటారు వాయించేవారు, స్తంభం వెనుక స్టూలు మీద కూర్చుని. వంగిన చెయ్యి పదిమందికి కనబడకూడదని ఆ చోటు ఎంచుకున్నారు. నాకెలా తెలుసంటే, అదే స్తంభానికి ఇటువైపు నేను కూర్చునేదాన్ని. నేనూ కనబడకూడదనే.

ఆయన గిటారుకు నాలుగు తీగెలు. అన్నింటికంటే కింది స్వరాలు మెడ చిట్టచివర ఉంటాయి. అక్కడిదాకా చెయ్యి చాస్తే భుజం పట్టేసేది, పాటలో ఆ చోటు ఖాళీగా ఉండిపోయేది. అంతలో చర్చికి కీబోర్డు వచ్చింది. బేస్ కూడా దాంట్లోనే వాయించవచ్చని, పెద్దాయనను ఇంకా కష్టపెట్టడం ఎందుకని క్వయర్‌లో అనుకున్నారు. ప్రేమగానే అనుకున్నారు. ఆ ప్రేమకే ఆయన ముఖం చిన్నబోయింది. ఆరు తీగెల బేస్ ఉంటే కింది స్వరాలు ఒంటికి దగ్గరగానే దొరుకుతాయని ఎవరో చెప్పారట. క్రిస్మస్ లోపల అది కొనకపోతే స్తంభం వెనుక స్టూలు పోయినట్టే అనుకున్నారు.

సంఘపెద్ద ఒకాయన ఇంటికి వచ్చి నవ్వారు. "మన పోరగాండ్ల గిటారుకు గూడ ఆరే తీగెలు గదనే. దాన్నే జర మోటుగ వాయించరాదు?"

"సైకిల్‌కు రెండే గిర్రలు, మోటర్‌సైకిల్‌కు రెండే. మరి నువ్వు సైకిల్ మీద హైదరాబాద్ పోరాదు?"

"అయితే ఐదు తీగెలది తీసుకో. ఐదు సాలవా?"

"ఐదు నా చెయ్యికి. ఆరోది నా షోకుకు."

సికింద్రాబాద్ దుకాణం నుంచి మూడు మోడళ్ల కాగితాలు తెప్పించారు. అన్నీ ఇంగ్లిష్. కాన్వెంట్‌లో చదివినదాన్నని నన్ను కూర్చోబెట్టారు. ఒక్కో పదం చదవగలిగాను గాని దాని అర్థం అడిగితే తల దించుకున్నాను. పెద్దబాపు "అంకెలు చదువు, సాలు" అన్నారు. పాత కాలెండర్ అట్టను ఆ అంకెల ప్రకారం మూడు మెడలుగా కత్తిరించి, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో ఆరు గీతలు గీశారు.

ఇక రోజూ డ్యూటీ దిగివచ్చి, గోడకు ఆనుకుని, ఆ అట్టలను వాయించేవారు. మొదటిదాని మీద గీతలు మరీ ఎడం, చిటికెన వేలు అందేది కాదు. రెండోది మరీ ఇరుకు, ఆయన లావు వేలు ఒక గీత నొక్కబోతే రెండు నొక్కేది. మూడోది కుదిరింది.

"అట్టముక్క మీద గీ కచేరేంది? సప్పుడన్న రాదు," అనేది ఆయన భార్య, మా పెద్దవ్వ.

"నీకు రాదు. నాకు వస్తుంది."

బరువు సంగతీ కాగితంలో ఉంది. మూడోదే అన్నింటికంటే బరువని చదివి వినిపించాను. "బొగ్గు టబ్బులు నూకినోన్ని. నాకు గిటారు బరువా?" అన్నారు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. అట్టకు బరువుండదు కదా.

సికింద్రాబాద్ వెళ్లి, దుకాణంలో మూడింటినీ కూర్చునే వాయించి చూశారు. అంతకుముందు నన్ను పిలిచి, "బిడ్డా, జర నా ముంగట నిలవడు" అన్నారు. ఆయన చెయ్యి కనబడకుండా నేను అడ్డంగా నిలబడ్డాను. కొనడానికి వచ్చినవాళ్లంతా నన్నే చూస్తున్నారు. పైట చివర నలుపుతూ నేల చూశాను. వెనుక నుంచి కింది తీగె మోగింది. చెవికంటే ముందు నా పాదాలకు తెలిసింది.

"ఏది మంచిగున్నది?"

"మూడోదే."

"సిగ్గయితుందా?"

"అయితుంది."

"కానియ్. సిగ్గువడుకుంటనే పని చేసుకోవాలె. సిగ్గు పోయినంక చేద్దమంటే అది పోదు."

మా చర్చిలో కొత్తగా ఏది వచ్చినా, ఫ్యాను గాని గంట గాని, తెచ్చినవారు దాన్ని పట్టుకుని ముందు నిలబడాలి. పాస్టర్ అయ్యగారు ప్రార్థన చేస్తారు. వాయిద్యమైతే నిలబడే ఒక పాట వాయించాలి. ఆ పద్ధతి మా ఇద్దరికీ పుట్టినప్పటి నుంచి తెలుసు. అయినా ఒక్కసారీ నిలబడి చూసుకోలేదు.

మూడోది కొన్నాక వచ్చిన ఆదివారం, పెద్దబాపు స్తంభం వెనుక నుంచి ముందుకు వచ్చారు. బాయిలో దీపం బ్యాటరీ కట్టుకునే పాత తోలు బెల్టునే గిటారు పట్టీగా కుట్టించుకున్నారు. అది సరిగ్గా ఆ ఎడమ భుజం మీదే పడింది. మొదటి చరణం గడిచింది. రెండో చరణంలో గిటారు కిందికి జారింది, దానితోపాటు ఆ చెయ్యి కూడా. చెమట గడ్డం దాకా కారింది. అందరూ చూస్తున్నారు.

ఎప్పుడు లేచానో తెలియదు. వెళ్లి గిటారు అడుగున రెండు అరచేతులూ పెట్టి ఎత్తి పట్టుకున్నాను. వెనుక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పాట చప్పుడులో పెద్దబాపు నాకొక్కదానికే వినబడేలా అడిగారు.

"బరువున్నదా?"

"ఉన్నది."

"సిగ్గయితుందా?"

"అయితుంది."

"నాకు గూడ అయితుంది. ఇంకొక్క చరణమే."

పై ఆదివారం, సైకిల్ మాట పడ్డ ఆ సంఘపెద్దే స్టూలును స్తంభం వెనుక నుంచి తెచ్చి ముందు వేశారు. తాను పోయే ముందటి ఆదివారం దాకా పెద్దబాపు అక్కడే కూర్చుని వాయించారు. ఆరో తీగె మీద, పాట చివర, అవసరం లేకపోయినా చిన్న షోకు ఒకటి ఉండేది.

సమాధి కార్యక్రమంలో అయ్యగారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచాను. ఒక్క మాట రాలేదు. జనం చూశారు, దగ్గారు, చాలాసేపు ఓపిక పట్టారు. కూర్చున్నాను. అక్కడ చెప్పలేనివే ఇక్కడ రాశాను. ఇప్పుడూ సిగ్గుగానే ఉంది.

సాయంత్రం పెద్దవ్వ చర్చి నుంచి గిటారు ఇంటికి తెమ్మంది. పెట్టె దొరకలేదు. చిన్నపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని కాలనీ రోడ్డు మీద నడిచాను. చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్లు మాటలాపి చూశారు. తల దించుకుని నడుస్తుంటే, ఆయన బెల్టు కిందికి వేలాడుతూ, దాని ఇనుప కొక్కెం అడుగడుగుకూ నా మోకాలికి తగులుతూ వచ్చింది.