అమ్మ ఫోన్లో గేట్లు

మా కాలేజీ స్టాఫ్ రూములో ఎవరి ఫోన్ మొరాయించినా నా దగ్గరికే వస్తారు. "మేడం, స్టోరేజ్ ఫుల్ అంటోందండీ, కాస్త చూడరూ" అంటూ నా టీ గ్లాసు పక్కన ఫోన్ పెట్టేస్తారు. బందరులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ నేనే చూసుకుంటాను. ఫోన్లు ఖాళీ చేయడంలో నాకు చెయ్యి తిరిగిపోయింది. ముందు వాట్సాప్‌లో గుట్టలుగా పడున్న గుడ్ మార్నింగ్ పువ్వులు. తర్వాత ఎప్పుడో దించుకుని మర్చిపోయిన పీడీఎఫ్‌లు. ఆ తర్వాత ఒకే పెళ్ళిలో ఒకే విస్తరికి తీసిన పాతిక ఫోటోలు. ఆఖరికి బిన్. డిలీట్ కొట్టగానే అంతా పోయిందనుకుంటారు చాలామంది. పోదు. బిన్‌లో కూర్చుని నెల రోజులు చోటు తింటూనే ఉంటుంది. "అక్కడుందండీ అసలు కిటుకు" అని దాన్ని కూడా ఖాళీ చేసి చేతికిస్తే, మా ప్రిన్సిపాల్ గారంతటివారు "అబ్బో!" అన్నారు. ఆ రోజు నేను కాస్త ఎగిరిన మాట నిజమే.

అంత ఎగిరినదాన్ని మా అమ్మ ఫోన్ దగ్గర బొక్కబోర్లా పడ్డాను.

మా అమ్మ చేపలమ్ముతుంది. దివిసీమలో సముద్రం ఒడ్డు ఊరు మాది. నాన్న పోయాక అమ్మ నన్ను తీసుకుని బందరు వచ్చేసింది. తెల్లవారుతూనే గిలకలదిండి రేవుకు వెళ్ళి, వేలంలో చేప పాడుకుని, తట్టతో గుడివాడ పాసింజరెక్కేది. గుడివాడ వీధుల్లో ఆవిడ కేక తెలియని ఇల్లాలు లేదు. "చేపలమ్మో... చేపలూ..." అని కడుపులోంచి లేచేది. ఆ చివరి సాగదీత వీధి ఆ చివర్న వంటింట్లో ఉన్నవాళ్ళని కూడా బయటికి లాక్కొచ్చేది.

నేను ఇంటర్ గుడివాడలో హాస్టల్లో ఉండి చదివాను. ఒకరోజు క్లాసులో ఉండగా ఆ కేక కిటికీలోంచి వచ్చింది. పక్కనున్న పిల్ల ముక్కు మూసుకుని నవ్వింది. నేనూ నవ్వాను. మా అమ్మ అని చెప్పలేదు సరికదా, దానితో కలిసి నవ్వాను! ఇప్పటికీ అది తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఉద్యోగం వచ్చాక అమ్మకి ఫోన్ కొనిచ్చాను. "ఇంక అరవకే అమ్మా, గొంతు పాడవుతోంది. కావలసినవాళ్ళు వాళ్ళే ఫోన్ చేస్తారు" అన్నాను. గొంతు నిజంగానే జీరబోయింది, అబద్ధం కాదు. కానీ నా అసలు బాధ ఆ గొంతు గురించి కాదు. గుడివాడ నుంచి మా కాలేజీకి వచ్చేవాళ్ళు నలుగురైదుగురున్నారు. "మీ అమ్మగారు ఏం చేస్తారండీ?" అని అడిగితే "బిజినెస్ అండీ" అనేదాన్ని. అమ్మ మాత్రం నేను కొనిచ్చిన ఫోన్‌ని జాకెట్లో పెట్టుకుని, రేవులో అందరికీ తీసి తీసి చూపించింది. అరవడం మానేసింది కూడా.

పోయిన వర్షాకాలంలో ఒక శనివారం సాయంత్రం ఆ ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"ఏమే, దీనికి పొట్ట నిండిపోయిందంట. ఇంక ఫోటో తీయనని మొండికేస్తోంది."

"ఇలా తే" అన్నాను. మా ప్రిన్సిపాల్ గారి ఫోన్ బాగుచేసిన దాన్ని, ఇదెంత నాకు!

అమ్మ చారు పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది. నేను పని మొదలుపెట్టాను. పువ్వులు పోయాయి, దేవుళ్ళు పోయారు, ఎవరో పంపిన చిట్కా వైద్యాల వీడియోలు పోయాయి. తర్వాత కెమెరా ఫోల్డర్ తెరిస్తే నాకు నవ్వాగలేదు. అన్నీ గేట్లు! ఒక నీలం గేటు, దాని పక్కన చందువ చేప ఫోటో. ఒక చెక్క తలుపు, దాని పక్కన గుప్పెడు మెత్తళ్ళు. ఒక మేడమెట్ల కింద విడిచిన చెప్పులు, దాని పక్కన అమ్మ అరచెయ్యి, ఆ అరచేతి మీద రొయ్యలు. సగం వంకర, సగం మసక. జాకెట్లో పెట్టుకునేటప్పుడు వేలు తగిలి పడిపోయిన ఫోటోలనుకున్నాను. వందల్లో ఉన్నాయి. మధ్యలో నా డిగ్రీ పట్టా ఫోటో, దివిసీమలో పడవ దగ్గర నాన్న పాత ఫోటో ఉంటే జాగ్రత్తగా పక్కకి తీశాను. మిగతావన్నీ ఒక్క దెబ్బకి సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాను. బిన్ కూడా ఖాళీ చేశాను. కిటుకు తెలిసినదాన్ని కదా!

"అమ్మా, సగం ఫోన్ ఖాళీ!" అని వంటింట్లోకి వెళ్ళి చూపించాను.

అమ్మ చెయ్యి తుడుచుకుని, మెచ్చుకోలుగా తీసుకుని, ఫోటోలు తెరిచింది. కిందకి జరిపింది. పైకి జరిపింది.

"నీ ఫోటోలున్నాయి. నా ఇళ్ళేవే?" అంది.

అప్పుడు చెప్పింది. అమ్మకి చదువు రాదు. ఎవరింట్లో ఏ చేప అడిగారో రాసుకోవడం రాదు కాబట్టి, ముందు ఆ ఇంటి గేటు ఫోటో తీస్తుంది, వెంటనే వాళ్ళకి కావలసిన చేప ఫోటో తీస్తుంది. ఎంత సైజు కావాలో తెలియడానికి అరచెయ్యి పక్కన పెడుతుంది. చేప ఇచ్చి వచ్చేదాకా ఆ రెండూ పక్కపక్కనే ఉండాలి. రేవులో వేలం జరుగుతుంటే ఫోన్ తీసి, గేట్లు చూసుకుంటూ పాడుకుంటుంది. మూడేళ్ళుగా ఒక్క ఇల్లూ తప్పిపోలేదట. నేను డిగ్రీలో డేటాబేస్ అని రెండు సెమిస్టర్లు చదువుకుని పిల్లలకి చెబుతున్నాను. మా అమ్మ చదువు లేకుండా దాన్ని సొంతంగా కట్టుకుంది. నేను దాన్ని ఊడ్చి పారేశాను.

"పాత ఇళ్ళు నోటికొచ్చులేవే, ఏడవకు. బాలింత ఇల్లే ఎలాగో తెలియడం లేదు" అంది అమ్మ.

గుడివాడలో అమ్మ దగ్గర ఇరవై ఏళ్ళు చేపలు కొన్న పెద్దావిడ ఒకరున్నారు. ఈమధ్యే పాత ఇల్లు వదిలి ఊరి చివర కొత్త కాలనీకి మారారు. గురువారం ఆవిడ బజార్లో అమ్మని చూసి చెయ్యి పట్టుకున్నారట. మనవరాలికి పురుడొచ్చి పది రోజులైంది, పిల్లకి పాలు చాలడం లేదు, ఒక పాలసొర చేప తెచ్చిపెట్టమని. బాలింతకి పాలసొర వండిపెడితే పాలు పడతాయని మా వైపు గట్టి నమ్మకం. ఆవిడ అమ్మని ఆటోలో ఎక్కించుకెళ్ళి ఇల్లు చూపించారు. అమ్మ గేటు ఫోటో తీసుకుని, "ఆదివారానికి తెస్తానండీ" అని మాటిచ్చింది. ఆవిడకి ఫోన్ లేదు. అమ్మకి కాలనీ పేరు తెలుసు గానీ, వీధి తెలియదు. ఉన్న ఒక్క ఆనవాలూ నేను తీసేసిన ఫోటోయే.

పోయిన ఫోటోలు వెనక్కి తెచ్చే యాప్‌లన్నీ ప్రయత్నించాను. బ్యాకప్ ఉందేమోనని చూస్తే, డేటా తినేస్తోందని నేనే దాన్ని ఎప్పుడో ఆపేశాను. అమ్మ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

ఆదివారం నేనూ అమ్మతో రేవుకు వెళ్ళాను. అదృష్టం, ఒక బోటుకి పాలసొర పడింది. దాని కోసం అమ్మ ఎంత పట్టుగా పాడిందో! పక్కనున్న వ్యాపారి "ఏంటక్కా, ఇవాళ ఆవేశంగా ఉన్నావు?" అన్నాడు. దాన్ని ఐసులో పెట్టి, పాసింజరెక్కి గుడివాడలో దిగి, ఆటోలో కాలనీకి చేరాం.

"గేటెలా ఉంటుందమ్మా?"

"ఆకుపచ్చది. పైన రెండు హంసలు."

తల ఎత్తి చూశాను. అమ్మ బాబోయ్! కాలనీ మొత్తానికి ఒక్కడే చేసిచ్చాడో ఏమో, ఎటు చూసినా ఆకుపచ్చ గేట్లే, ప్రతి గేటు మీదా హంసలే.

నేను బెల్లులు కొట్టడం మొదలుపెట్టాను. "ఏమండీ, ఇక్కడ బాలింత ఎవరైనా ఉన్నారాండీ?" ఒకాయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి తలుపేసేశారు. ఒకావిడ "ఏ ఆఫీసు నుంచండీ?" అన్నారు. ఒకింట్లో కుక్క వెంటపడింది. రెండు వీధులు తిరిగేసరికి ఎండ ముదిరింది. తట్టలోంచి ఐసు నీళ్ళు అమ్మ మెడ మీదికి కారుతున్నాయి.

"ఇలా కాదు" అని అమ్మ తట్ట కిందికి దించి, ఊపిరి పీల్చి, కేక వేసింది. కేక రాలేదు. జీర వచ్చింది. మళ్ళీ ప్రయత్నించి దగ్గింది. ఇరవై ఏళ్ళు నా ఫీజుల కోసం అరిచిన గొంతు అది. నాలుగిళ్ళు కూడా దాటలేదు.

అమ్మ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను తప్పించుకునేదాన్నేమో. తట్ట నేనే ఎత్తి నెత్తిన పెట్టుకున్నాను. ఇస్త్రీ చేసిన కాటన్ చీర, చేతికి వాచీ, నెత్తిన సొరచేప. ఎదురుగా గుడివాడ.

"చేపలండీ" అన్నాను.

"అటెండెన్స్ పిలుస్తున్నావా?" అంది అమ్మ. "కడుపులోంచి రావాలే."

"చేపలమ్మో!"

"పర్లేదు. చివర్న వదలకు, లాగు."

కళ్ళు మూసుకున్నాను. ఆ ఇంటర్ క్లాసు, ఆ కిటికీ, ముక్కు మూసుకున్న ఆ పిల్ల కళ్ళ ముందు మెదిలాయి. నవ్వవే, ఇప్పుడు నవ్వు చూద్దాం అనుకున్నాను.

"చేపలమ్మో... చేపలూ... పాలసొరమ్మా... పాలసొరా..."

ఎక్కడ దాక్కుని ఉందో ఆ గొంతు నాలో! కాలనీ ఆ చివర గోడకి తగిలి తిరిగొచ్చింది. ఇద్దరు ముగ్గురు బయటికొచ్చారు. "మెత్తళ్ళున్నాయా?" అన్నారొకరు. మళ్ళీ కేక వేశాను, సిగ్గు లేకుండా, ఊపిరున్నంతసేపూ. మలుపు తిరగగానే మూడో ఇంటి గేటు గడియ తీసిన చప్పుడైంది. తెల్ల జుట్టు పెద్దావిడ ఒకరు కొంగు సర్దుకుంటూ గబగబా వచ్చారు.

"వచ్చావటే! ఏమే, గొంతు బాగైపోయిందే నీకు! పాత ఇంట్లో విన్న కేకే, అచ్చం అదే!" అన్నారు మా అమ్మతో.

"గొంతు నాది కాదండీ. నా కూతురిది" అంది అమ్మ.

"కంప్యూటర్లు చెబుతుందన్నావు, ఆ అమ్మాయేనా?"

"ఆ అమ్మాయేనండీ."

ఆ మాట అంటున్నప్పుడు మా అమ్మ మొహం చూడాలి. నా పట్టా ఫోటో రోజు కూడా అలా లేదు. నాకూ అంతే. ప్రిన్సిపాల్ గారి "అబ్బో" దాని ముందు ఏ మూలకీ రాదు. లోపల్నించి పసిపిల్ల ఏడుపు వినిపించింది. పెద్దావిడ సొరని రెండు చేతులతో అందుకుని, "కూర్చోండి, మజ్జిగ తెస్తాను" అని లోపలికి వెళ్ళారు.

అమ్మ జాకెట్లోంచి ఫోన్ తీసింది. ఇప్పుడు దాన్లో బోలెడు చోటు. గేటు ఎదురుగా నిలబడి, "నువ్వూ నిలబడవే అక్కడ" అంది.

"నేనెందుకమ్మా? గేటు చాలుగా."

"మళ్ళీ చెరిపేస్తావు. నువ్వుంటే చెరపవు. ఊఁ, కేక వెయ్యి."

అరిచాను. నెత్తిన తట్ట, నోరంతా తెరిచి, తల పైన రెండు హంసలు. ఫోటో కాస్త వంకరగా వచ్చింది.

తిరుగు రైల్లో దాన్ని నా ఫోన్‌కి పంపించుకుని, మా స్టాఫ్ గ్రూపులో పెట్టాను. కింద ఇలా రాశాను: "చేపలమ్ముతున్నది నేను. ఫోటో తీసింది మా అమ్మ. బిజినెస్ ఇదేనండీ."