అత్తమ్మ చేతిలో ఆగిన ఆట

పోయిన వేసవిలో మా అత్తమ్మకు కంటి పరీక్ష చేయించడానికి అర్ధవీడు నుంచి బెంగళూరు వెళ్లాం. డాక్టరు దగ్గర పని త్వరగా అయిపోవడంతో, అక్కడే ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పాత వీడియో గేమ్ మిషన్ల మ్యూజియానికి తీసుకెళ్లింది. బీరువా అంత ఎత్తు చెక్క పెట్టెలు, వాటిలో పాత టీవీల్లాంటి తెరలు. ఎవరైనా ఆడుకోవచ్చట.

ఇన్నేళ్లూ గొర్రెలు కాసిన అత్తమ్మ ఒక మిషన్ పిడి పట్టుకుంది. తెర మీద బొమ్మ దారి తప్పితే చాలు, "హేయ్, అట్ల కాదే, ఇట్ల రా!" అని గట్టిగా అదిలించేది. అందరూ మమ్మల్నే చూస్తుంటే నాకు సిగ్గేసింది. ఇంతలో టప్‌మని శబ్దం వచ్చి తెర ఆరిపోయింది.

అత్తమ్మ పిడి వదిలేసి వెనక్కి జరిగింది. "నేనే చెడగొట్టినానేమో! ఇట్లాంటిది మళ్లా యాడ దొరుకుతాది?"

మ్యూజియం నడిపే తెలుగావిడ పరుగున వచ్చింది. కోప్పడలేదు. మిషన్ వెనక తలుపు తెరిచి, టార్చి వెలుగులో వెతికి, ఊడిన తీగను అతికించింది.

"కొత్త తెర పెట్టేయొచ్చు కదండీ?" అన్నాను.

"నడుస్తుంది. కానీ బొమ్మకు ఈ పాత తెర వెలుగు రాదండీ. అందుకే పాతవే బాగుచేసుకుంటున్నాను," అంది. తెర మళ్లీ వెలిగింది. "మీరే ఆడండి, పెద్దమ్మా."

"వద్దులే తల్లీ. మళ్లా పోతే?"

"పోతే మళ్లీ బాగుచేస్తాను."

అత్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని పిడి పట్టుకుంది.

అంత అపురూపమైన వాటిని తాళం వేసి దాచుకోకుండా, పాడవుతాయని తెలిసీ ముక్కూమొహం తెలియని మా చేతికిచ్చిన ఆవిడ మనసును నేనెన్నటికీ మరచిపోలేను.