మామయ్య తిన్నాక గంట ఆగాలి

మా అత్త అంగడికి వెళ్లేది ఉప్పుకీ నూనెకీ మాత్రమే. మిగతాదంతా అడవే చూసుకునేది. పొద్దున్నే ఉచ్చులో పడ్డ కంజుపిట్టో, బుట్టలో వాగు పీతలో, కొంగులో ఇంత ఆకో లేకుండా ఆమె ఇల్లు చేరిన రోజు నాకు గుర్తు లేదు. కొన్నదానికి రుచి ఉండదని ఆమె గట్టి నమ్మకం.

ఎప్పుడూ చూడనిది దొరికితే మాత్రం ఒక పద్ధతి ఉండేది. ముందు మామయ్య తినాలి. గంట తర్వాత కూడా ఆయన బాగుంటే మేం తినాలి. ఇది ప్రేమో ప్రయోగమో అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. మామయ్య మంగలి, ముందుగదే ఆయన షాపు. క్షవరం చేసే తిరుగుడు కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, ఆకలితో నకనకలాడుతూ మేమంతా గోడ గడియారం చూసేవాళ్లం.

"కళ్లు తిరుగుతున్నాయా?" అని అడిగేది అత్త.

"కుర్చీ తిరుగుతోంది. ముందు పిల్లల్ని చేతులు తియ్యమను," అనేవాడాయన.

ఒక వానాకాలం ఆమె బుట్టెడు పసుప్పచ్చ పుట్టగొడుగులు తెచ్చింది. అలాంటివి మేమెవ్వరం ఎరగం. ఉడుకుతున్న వాసనకి, గడ్డం సగం గీయించుకున్న మనిషి కూడా సబ్బు నురగతోనే లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. మామయ్య రెండు ముక్కలు నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంత రుచిని తొమ్మిది మందికి పంచాలి కదా అన్న దిగులు ఆయన ముఖంలో కనిపించింది. అది దిగులని నాకు తర్వాత అర్థమైంది.

పావుగంట గడిచిందో లేదో, "అమ్మో, కడుపు!" అంటూ కుర్చీలోంచి జారి నేల మీద దొర్లాడు. అత్త ఏడుపు అందుకుంది. సగం గడ్డం మనిషి డాక్టరు కోసం పరుగెత్తాడు. అత్త ఏడుస్తూనే గిన్నె ఎత్తి పెరటి వైపు నడిచింది.

"పారెయ్యకే!" అన్నాడు మామయ్య నీరసంగా. "నేనెలాగూ పోయేవాణ్ణే కదా. ఆ మిగిలింది కూడా నేనే తినేస్తా. ఇంకెవరికీ ప్రమాదం ఉండదు."

అత్త ఆగింది. ఎదురుగా షాపు అద్దం. అందులో మామయ్య ఒక కన్ను మూసి, రెండో కంటితో గిన్నెనే చూస్తున్నాడు.

"మీరు లేని బతుకు నాకెందుకండీ!" అంటూ ఆమె అక్కడే చతికిలబడి, గిన్నె ఒళ్లో పెట్టుకుని గబగబా తినడం మొదలుపెట్టింది. నాలుగో ముద్దకు మామయ్య లేచి కూర్చున్నాడు.

"ఆగవే! నాకేం కాలేదు!"

"తెలుసు. పోయేవాడు పెళ్లాన్ని చూస్తాడండీ, గిన్నెని కాదు."

గంట నిండాక మేమంతా తిన్నాం. పరుగున వచ్చిన డాక్టరూ తిన్నాడు. సగం గడ్డం మనిషి రెండుసార్లు వడ్డించుకున్నాడు. మామయ్యకు గిన్నె దక్కింది, తోమడానికి.

ఆయన నాలుక మీద నమ్మకం పోయిందని, ఆ తర్వాత నుంచి కొత్తది ఏది తెచ్చినా అత్తే ముందు తినేది. తిని, అదే కుర్చీలో దర్జాగా అటూ ఇటూ తిరిగేది. గడియారం మేం చూసేవాళ్లం. గిన్నె మామయ్య మోచేతి పక్కనే, మూత లేకుండా, పొగలు కక్కుతూ ఉండేది. ఆ గంటసేపూ ఆయన ఒక్కసారి కూడా దాని వంక చూడలేదు.