బోరబండలో హై టైడ్

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ అంటే ఏమిటో నాకు చేరిన ఏడాదికి గానీ బోధపడలేదు. డైరెక్షన్ తప్ప మిగతా పనులన్నీ చేసేవాడని అర్థం. మా యూనిట్‌లో నా వాటాకు వచ్చిన పని ప్రాంప్టింగ్. హీరోయిన్ గారికి తెలుగు రాదు (వస్తే ఆశ్చర్యపోవాలి). కెమెరా పక్కన నేల మీద గొంతుక్కూర్చుని, ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడ తర్వాతి ముక్క అందించాలి. రోజూ పది గంటలు అదే పని కావడంతో, ఎదుటి మనిషి ఆగితే చాలు, నా నోట్లోంచి మాట దానంతటదే జారిపడేది. ఒక పెళ్లిలో పురోహితుడు మంత్రం మధ్య ఊపిరి తీసుకుంటే నా పెదాలు కదిలాయి. మంత్రాలు రావు గనక బతికిపోయాను.

ఒకరోజు మధ్యాహ్నం డైరెక్టర్ గారు నన్ను, మా ఇంకో అసిస్టెంట్‌ను పిలిచారు. ఆ రెండోవాణ్ణి అందరం కాన్వెంట్ బాబు అనేవాళ్లం. అతను తుమ్మినా ఇంగ్లీషులోనే తుమ్మేవాడు. డైరెక్టర్ గారిది గోదావరి జిల్లా, మాట మెత్తన. "చూడండయ్యా, పాట దీవుల్లో తీస్తున్నాం. మీ ఇద్దరిలో ఒక్కడికే టిక్కెట్టు. అక్కడ హోటలు దగ్గర్నుంచి పడవ దాకా అంతా ఇంగ్లీషే. అక్కడ మన షూటింగ్ ఏర్పాట్లు చూసే కోఆర్డినేటర్ మేడమ్ పది రోజుల్లో ఆ దీవి నుంచి వస్తారు. ఆవిడ మాట్లాడి చూసి ఎవర్ని పంపాలో చెప్తారు" అన్నారు. నేను బోరబండలో పుట్టి పెరిగినవాణ్ణి, చూసిన పెద్ద నీళ్లు ట్యాంక్‌బండ్ నీళ్లే. సినిమాల్లో పనిచేస్తూ, సముద్రాన్ని మానిటర్‌లో తప్ప చూడలేదన్న సంగతి ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు, సిగ్గు. ఎలాగైనా ఆ టిక్కెట్టు నాకే రావాలి.

మా పక్కింటి అక్క జూబ్లీహిల్స్‌లో ఒక హోటల్ రిసెప్షన్‌లో పనిచేసేది. వెళ్లి ఆవిడ కాళ్ల మీద పడ్డంత పని చేశాను. "ఫికర్ చెయ్యకు, పది రోజులల్ల నిన్ను దొరబాబును చేస్త" అని అభయమిచ్చింది. పాఠం రోజూ పొద్దున్నే, ఆవిడ డ్యూటీకి వెళ్లేముందు, బోరబండ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద. "హై టైడ్ అంటే ఏందక్కా?" అని అడిగితే, అప్పుడే ఆగిన రైలు వైపు చెయ్యి చూపించింది. "గా జనం మీదికి ఎట్ల ఉరికొస్తున్నరో సూడు, గదే హై టైడ్. పదకొండు కొట్టినంక ఒక్క పురుగుండదు, గది లో టైడ్." సన్‌స్క్రీన్ దగ్గర నాకు పెద్ద సందేహం వచ్చింది. "ఎండ కావాలనే కదక్కా గాళ్లు అంత దూరం పోయేది? మల్ల ఎండ తగలకుంట పూసుకునుడేంది?" అక్క నా చేతికి పెన్ను అందించి, "పైసలున్నోళ్ల సంగతి మనకెందుకురా, నువ్వు రాస్కో" అంది. రాసుకున్నాను. సీ వ్యూ, లైఫ్ జాకెట్, నీళ్లలో ఊపిరికి నోట్లో పెట్టుకునే స్నార్కెల్, సీ షెల్, ఇలా నూట పది మాటలు.

ఇక్కడే నా వృత్తి నా కొంప ముంచింది. మాకు ఏది రాసినా సీన్ పేపరు పద్ధతిలోనే రాయడం అలవాటు. పైన "సీన్ 4, హోటల్ రిసెప్షన్, పగలు" అని రాసి, ఎడం పక్క ఎవరు ఏం చేస్తున్నారో, కుడి పక్క ఎవరి డైలాగు ఏమిటో వేసుకున్నాను. ప్రాంప్టర్‌కు అందరి డైలాగులూ కంఠతా రావాలి, కాబట్టి హోటల్ వాళ్ల మాటలూ నావే, నా మాటలూ నావే. ఇంట్లో అటు తిరిగి ఒకటి, ఇటు తిరిగి ఒకటి చెప్పుకుంటుంటే మా అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "ఒక్కనివే గట్ల అటు ఇటు తిరుగుతవేందిరా, గాలి సోకిందా ఏంది?" అని దిష్టి తీయడానికి ఎండు మిరపకాయలు పట్టుకొచ్చింది.

పదో రోజు కోఆర్డినేటర్ మేడమ్ రానే వచ్చారు. ఆవిడకు ఇంగ్లీషు తప్ప మన భాషలేవీ రావు. ముందు కాన్వెంట్ బాబు లోపలికెళ్లి, చెవుల దాకా నవ్వుతూ బయటికొచ్చాడు. తర్వాత నేను. గదిలో డైరెక్టర్ గారు ఒక పక్కన కూర్చున్నారు. తనను హోటల్ రిసెప్షనిస్టు అనుకోమని చెప్పి, మేడమ్ "వెల్‌కమ్ సర్, డు యు హావ్ ఎ బుకింగ్?" అన్నారు. అచ్చం అక్క చెప్పిన సీన్ నాలుగే! నా ప్రాణం లేచొచ్చింది. "యెస్ మేడమ్, టెన్ రూమ్స్, సీ వ్యూ" అన్నాను దర్జాగా. అంతలో ఆవిడ కళ్లజోడు కోసం హ్యాండ్‌బ్యాగ్‌లో వెతుకుతూ ఆగారు.

ఆగారు. అంతే. నేను కొంచెం ముందుకు వంగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "హౌ మెనీ నైట్స్ సర్..." అని అందించాను. ఆవిడ కంగారుపడి, "హౌ మెనీ నైట్స్, సర్?" అన్నారు. "ఫోర్ నైట్స్ మేడమ్" అన్నాను మామూలు గొంతుతో. మళ్లీ వంగి, "పాస్‌పోర్ట్ ప్లీజ్..." ఆవిడ అదీ చెప్పారు. ఇలా రూమ్ తాళం చేతికొచ్చేదాకా సీన్ నడిచింది. అప్పుడు ఆవిడకేం తోచిందో, "సారీ సర్, నో రూమ్స్" అన్నారు. ఆ ముక్క నా పేపర్లో లేదు! నేను చెయ్యి పైకెత్తి, "కట్! వన్ మోర్, మేడమ్" అన్నాను.

డైరెక్టర్ గారు నుదురు కొట్టుకున్నారు. "నీ ముక్క నువ్వు చెప్పవయ్యా అంటే ఆవిడ ముక్క కూడా నువ్వే చెప్తావేంటి!" అన్నారు. హీరోయిన్ గారికి తెలుగు అందించీ అందించీ వీడికిదే అలవాటైపోయిందని మేడమ్‌కు ఇంగ్లీషులో సర్దిచెప్పారు. టిక్కెట్టు పోయిందని అప్పటికే తెలిసిపోయింది. మేడమ్ మాత్రం కళ్లజోడు పెట్టుకుని నన్ను తేరిపార చూసి, సముద్రం ఎప్పుడైనా చూశావా అని ఇంగ్లీషులో అడిగారు. దీనికి సీన్ లేదు. అబద్ధమాడడానికి మాటలూ లేవు. "నో మేడమ్. వర్డ్స్ ఆల్ లెర్న్డ్. సీ... నాట్ యెట్" అన్నాను.

ఆవిడ డైరెక్టర్ గారి వైపు తిరిగి చెప్పిన దాని సారం ఇది: మా దీవిలో ఇంగ్లీషు వచ్చినవాళ్లకు కొదవ లేదు, అడుగడుక్కీ ఉన్నారు. మీ హీరోయిన్ చేత తెలుగు పలికించేవాడు మాత్రం మాకక్కడ ఎక్కడ దొరుకుతాడు? నా చేత ఇప్పుడు పలికించింది వీడే కదా? డైరెక్టర్ గారు వెంటనే, "అవునండోయ్, ఈ సంగతి నాకు తట్టనే లేదు" అన్నారు. కాన్వెంట్ బాబు వారం పాటు నాతో ఏ భాషలోనూ మాట్లాడలేదు. అక్కకు చెబితే నడుం మీద చేతులు పెట్టుకుని, "పది రోజులు నోరు నొయ్యంగ ఇంగ్లీషు నేర్పిస్తే, నిన్ను తెలుగు కోసం తీస్కపోతున్నరా!" అని తెగ నవ్వింది.

దీవిలో మొదటి రోజు పొద్దున, అందరూ టిఫిన్ల దగ్గరుంటే నేను ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఇసుకలోకి నడిచాను. నూట పది మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకో నాకే తెలియదు. అమ్మకు వీడియో కాల్ చేశాను. "ఎట్లుందిరా?" అంది. "అమ్మా, చానా నీళ్లున్నయే" అన్నాను. ఫోన్ తిప్పి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూపించాను. అమ్మ ఫోన్‌కు మొహం దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత మెల్లగా, "గిన్ని నీళ్లు పెట్టుకొని గాడ నల్లా ఎన్ని రోజులకొకసారి ఇడుస్తరు బిడ్డా?" అని అడిగింది.

ఆ తర్వాత చాలా తీరాలు చూశాను. పడవల వాళ్లతో ఇంగ్లీషులో బేరాలాడడం కూడా వచ్చింది. ఇన్నేళ్లకు పోయిన వేసవిలో అమ్మను బాపట్ల తీసుకెళ్లి సముద్రం ఎదురుగా నిలబెట్టాను. "ఎట్లుందే?" అని అడిగాను. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని, అటూ ఇటూ చూసి, నన్ను నొప్పించకుండా చెప్పింది. "మంచిగనే ఉంది బిడ్డా. గని ఆ దినం నువ్వు ఫోన్ల సూపిచ్చిందే ఇంకా పెద్దగ ఉండె." నాకూ అలాగే అనిపించింది. పైకి మాత్రం ఒప్పుకోలేదు.