లుక్ ఆఫ్టర్ హిమ్

చిన్న ఇంగ్లీషు ముక్క మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో మీకు తెలియదు. నన్ను మాత్రం చార్మినార్ నుంచి దాదాపు ఠాణా గుమ్మం దాకా నడిపించింది.

ఆఫీసుల్లో ఉర్దూ పోయి ఇంగ్లీషు దిగిన కొత్త రోజులవి. ఉర్దూలో చదివి గుమాస్తాగా చేరాను. నౌకరీ ఇంకా పక్కా కాలేదు. ఒకనాడు కర్నూలు నుంచి వెంకటప్పయ్య అనే అధికారి వచ్చాడు. మా సూపరింటెండెంటు నా చెవిలో "లుక్ ఆఫ్టర్ హిమ్" అని చెప్పి వెళ్లిపోయాడు.

చెవిలో ఎందుకు చెప్పినట్టు? అక్కడే అనుమానం పుట్టింది. పక్క బల్ల ఖాదర్ భాయ్‌ని అడిగాను.

"లుక్ అంటే చూసుడు, ఆఫ్టర్ అంటే ఎన్క. ఎన్కకెల్లి చూడమన్నడు. సీదీ బాత్!"

"అంటే గా సారు మీద నిగా పెట్టమన్నడా?"

"మరేంది? నీడల గూడ నల్లద్దాలు తీస్తలేడు, చూస్తలేవా?"

ఇక ఆయన దగ్గితే సైగ అనుకున్నాను, నవ్వితే కుట్ర అనుకున్నాను. మధ్యాహ్నం ఆయన బజారుకు బయలుదేరితే వెనకే నేను. పత్తర్‌గట్టిలో ఆగితే స్తంభానికి బల్లిలా అతుక్కున్నాను. లాడ్‌బజార్‌లో గాజుల కొట్టు ఎక్కితే మల్లెపూల బండి చాటున నక్కాను. ఒంటరి మగవాడికి గాజులెందుకు? మీరే చెప్పండి!

"ఎంతసేపు వాసన చూస్తవు బాపు? కొంటవా, లేదా?" అని పూలామె లొల్లి పెట్టింది. ఆయన తిరిగి చూసి, గబగబా వచ్చి నా కాలరు పట్టుకున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? పొద్దుట్నుంచీ నా వెనకే తిరుగుతున్నావు!"

"సర్కారీ పని సార్."

"ఏం పని?"

"గది మీకు చెప్పొద్దు సార్."

"చోర్ హై!" అన్నారు చుట్టూ జనం. ఠాణాకు ఈడుస్తుంటే కాళ్లావేళ్లా పడి, ముందు మా ఆఫీసుకు తీసుకుపోయేలా ఒప్పించాను.

సూపరింటెండెంటు నెత్తి కొట్టుకున్నాడు. "మంచిగ అర్సుకొమ్మంటే, చాయ్ గిట్ల తాపించమంటే, దొంగ లెక్క ఎంబడి పడ్తివా? రేపటి సంది రాకు!"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను ఇంగ్లీషు తొక్కాను, కన్నీళ్లతో కడిగాను. వెంకటప్పయ్య గారికే జాలేసింది. "వదిలేయండి. గుక్కెడు నీళ్లివ్వలేదు గానీ, పాపం, కన్నార్పకుండా చూశాడు."

నౌకరీ నిలిచింది. సాయంత్రం సూపరింటెండెంటు మళ్లీ పిలిచాడు. "ఇదన్న సక్కగ చెయ్. సీ హిమ్ ఆఫ్."

ఈసారి ఖాదర్ భాయ్‌ని అడగలేదు. సీ అంటే చూసుడు. ఆఫ్ అంటే బంద్. నిగా బంద్ అన్నమాట! "జీ సార్" అని హాయిగా ఇంటికి పోయి పడుకున్నాను.

సీ ఆఫ్ అంటే రైలెక్కించి సాగనంపుడని మర్నాడు తెలిసింది. స్టేషన్‌లో ట్రంకు పెట్టె పక్కన, గాజులు పట్టుకుని, మా సూపరింటెండెంటు మాట నమ్మి వెంకటప్పయ్య గారు నా కోసం ఎదురు చూస్తుండగానే రైలు వెళ్లిపోయిందట.

ఆనాడే ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరైనా ఇంగ్లీషులో చూడమంటే, ఎట్లా చూడాలో తెలుగులో చెప్పేదాకా రెండు కళ్లూ మూసుకునే ఉంటాను.