మా నాయన కంఠతా పట్టిన ఉపన్యాసం

పుంగనూరు బస్టాండు పక్కన మా నాయనకు టీ అంగడి ఉండేది. పొయ్యిలోకి రాక్షసి బొగ్గు. పేరులోనే రాక్షసి కూర్చున్నా దాన్ని చూసి మా ఇంట్లో ఎవరూ భయపడింది లేదు. తెల్లవారి పొయ్యి రాజేసేటప్పుడు ఆ పొగలో మా నాయన సరిగా కనిపించేవాడు కాదు, దగ్గు మాత్రం వినిపించేది. ఆ దగ్గు వినే బస్సుల వాళ్లు అంగడి తెరిచారని తెలుసుకునేవాళ్లు.

తొంభైల్లో నేను డిగ్రీ చదువుతుండగా కుప్పంలో వక్తృత్వ పోటీ పెట్టారు. అంశం అణు విద్యుత్తు. కావాలని ఎవరు మాట్లాడాలో, వద్దని ఎవరు మాట్లాడాలో చీటీలు తీసి తేల్చారు. నాకు 'వద్దు' వచ్చింది. అణువు గురించి నాకు తెలిసింది ఆవగింజంత, గొంతు మాత్రం గుమ్మడికాయంత. కంటికి కనిపించని కిరణాలు ఎముకల్లో దూరి కూర్చుంటాయని, మూడు తరాలను తినేస్తాయని బల్ల గుద్ది చెప్పాను. కావాలన్న అబ్బాయి పాపం లెక్కలు చెప్పాడు. లెక్కలకు ఎవరు చప్పట్లు కొడతారు? కప్పు నాకే ఇచ్చారు.

మా నాయన ఆ కప్పును బిస్కెట్ల జాడీల నడుమ పెట్టాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నా చేత ఉపన్యాసం నాలుగైదు సార్లు చెప్పించుకుని కంఠతా పట్టాడు. టీ తాగడానికి వచ్చినవాడల్లా అది వినాల్సిందే. చౌడేపల్లె నుంచి పాలు తెచ్చే ఆయన ఒకరోజు నన్ను పట్టుకుని, "ఏమప్పా, మీ నాయిన టీ కంటే ముందు అణుబాంబు ఇస్తాండాడే" అన్నాడు.

ఆ ఏడాది దగ్గు ముదిరింది. మదనపల్లె ఆసుపత్రికి ఒక్కడే పోయి చూపించుకుంటే, ఎక్స్‌రే తీయించుకోమన్నారట. ఆ సంగతి ఆయన మాకు చెప్పలేదు. ఆరు నెలల తర్వాత తువ్వాలు మీద రక్తం చూసి మా అమ్మ నిలదీస్తే అప్పుడు బయటపడింది.

"యాల తీయించుకోలేదు నాయినా?" అన్నాను.

"నువ్వే గదా సెప్పింది, కిరణాలు ఎముకల్లో దూరి కూర్చుంటాయని. మూడు తరాలంట. రేపు నీకు పుట్టే బిడ్డలు ఏం పాపం సేసినారు?"

వేరే ఎవరి నాయన అయ్యుంటే పడీపడీ నవ్వేవాణ్ణి. బలవంతాన బస్సెక్కించి మదనపల్లెకు తీసుకుపోయాను. ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద కూర్చున్నాడు, ఇక లేవడు. గత్యంతరం లేక అక్కడే రెండో ఉపన్యాసం మొదలుపెట్టాను. ఈ ఫోటోకు వాడే కిరణాలు చిటికెడేనని, ఎముకల్లో ఏమీ మిగలవని చెప్పాను. అణు కేంద్రంలో ప్రమాదం జరిగితే ప్రపంచమంతా పేపర్లో చదువుతుందని, బొగ్గు పొగ రోజూ జనాన్ని తినేస్తున్నా ఏ పేపరూ రాయదని, అంతే కరెంటు తీయడానికి అణువు కంటే బొగ్గే ఎక్కువ మందిని చంపుతుందని చెప్పాను. అవన్నీ కుప్పంలో ఓడిపోయిన అబ్బాయి మాటలే. ఒక్కటీ నా సొంతం కాదు.

ఆయన అంతా విన్నాడు. "ఆడ కప్పు ఇస్తారని అట్ల సెప్తివి. ఈడ ఏమిస్తారని ఇట్ల సెప్తాండావు?"

"ఏమీ ఇయ్యరు. నువ్వు ఉండల్ల నాయినా."

అంత పెద్ద గొంతు ఎటు పోయిందో తెలియదు. ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ లేచాడు.

డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. ఇదంతా ఏళ్ల తరబడి పీల్చిన పొగ చేసిన పని, ఇక ఆ పొయ్యి దగ్గరికి పోవద్దు అన్నాడు. "ఆరు నెలల ముందే వచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఎందుకు ఆలస్యం చేశారు?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపల మా నాయన నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు.

"అంగడి ఇడిసి వచ్చేదానికి కుదర్లేదు సార్" అన్నాడు.